సేటు పెట్టే బెల్లం

అంతస్తుకు వరసగా ఒంటిగది ఇళ్లున్న మా చాల్‌లో ఏ ఆడమనిషైనా కొత్త వస్తువు పట్టుకుని మెట్లెక్కితే అదేమిటని అడిగేవారు కాదు, ఎంతకిచ్చాడని అడిగేవారు. ధర విని పెదవి విరిచారంటే ఆ వస్తువు పని అయిపోయినట్టే. ఎంత మంచిదైనా ఇక దాని ముఖం చూసేవాళ్లుండరు. "గంతకే ఇచ్చిండా?" అని కళ్లు పెద్దవి చేశారంటే మాత్రం, కొన్నావిడ ఆ వారమంతా నేల మీద నడిచేది కాదు. మంచి వస్తువు కొన్నానని మా వాళ్లెవరూ గొప్ప చెప్పుకోగా నేను వినలేదు. తక్కువకు కొన్నానని చెప్పుకోవడం మాత్రం విని విని నా చెవులు తూట్లు పడ్డాయి.

ఈ విద్యలో మా అమ్మను మించినవాళ్లు కామాటిపురా గల్లీలన్నిటిలోనూ లేరు. వస్తువు చేతిలోకి తీసుకుని తిరగేసేది. ఎక్కడో ఒక సొట్టో గీతో పట్టుకునేది, లేకపోతే ఉన్నట్టే చూసేది. తన ధర మెల్లగా, ఆ మనిషి మీద జాలి పడుతున్నట్టు చెప్పి, వస్తువు అక్కడే పెట్టి వెళ్లిపోయేది. వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆమె వీపు చూశాక ధర తగ్గించని వ్యాపారి నాకు గ్రాంట్ రోడ్ బజారులో ఎప్పుడూ కనబడలేదు.

ఆ అమ్మే రోజంతా గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. సాయంత్రం కట్టలు తీసుకుని కార్ఖానాకు పోతే, అక్కడ లెక్కలు చూసే మునీం పిడికెడు బీడీలు తీసి పనికిరావని పక్కన పారేసేవాడు. పారేసినవాటికి కూలి లేదు. "నా ఏళ్లు అరిగి పాయె, వానికి కండ్లు కనవడయ్" అని దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చేది. అదే దారిలో కూరగాయల ముసలమ్మ దగ్గర ఆగి, ఆమె కళ్లలో నీళ్లు తిరిగేదాకా బేరమాడేది. ఆ తిట్టూ ఈ బేరమూ ఒకే నోటి నుంచి, ఒకే నడకలో వచ్చేవి. నేను అమ్మను వెక్కిరించడం లేదు. మాకొచ్చే కూలితో చవకవి తప్ప కొనలేం. ఆ చవక వస్తువులు చేసేవాళ్లూ మాలాంటివాళ్లే. అందరం ఒకే దుప్పటి కింద పడుకుని తలో కొసా లాక్కుంటున్నట్టుండేది మా బతుకు. నాకు కడుపు మండేది ఆ లాగుడు చూసి కాదు, లాగి గెలిచినవాళ్ల సంబరం చూసి.

అమ్మకు ఒక్కడే తమ్ముడు. మాకు మేనమామ. మహబూబ్‌నగర్ పక్క పల్లెలో పెళ్లాన్నీ చంటిపిల్లనూ వదిలి వచ్చి, మా ఒక్క గది ఖోలీలోనే మాతో పాటు ఉండేవాడు. సన్నటి మనిషి, నవ్వితే చిగుళ్లు కనబడేవి. నన్ను ఎప్పుడూ "కోడలు పిల్లా" అనే పిలిచేవాడు, బడిలో నాకు మంచి మార్కులొస్తే మాత్రం "మేడం సాబ్" అనేవాడు. పొద్దున్నే మా నాయినా, మామా తాపీ పట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని నాకా మీద నిలబడేవారు. నాకా అంటే కూలీలు వరసగా నిలబడితే మేస్త్రీలు వచ్చి ఏరుకుపోయే చౌరస్తా. సిమెంటు బస్తాలు దింపిన రోజు మేస్త్రీ అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. గొంతులో పడ్డ దుమ్మును బెల్లం పట్టుకుని కడుపులోకి దింపేస్తుందని, పొద్దున దొడ్డికి పోతే అదీ పోతుందని మా వాళ్ల నమ్మకం. సున్నం మోసిన తాతల కాలం నుంచీ ఉన్న మాట అది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. నోటికి తియ్యగా ఉన్నదాన్ని ఎవరనుమానిస్తారు?

మిల్లులు మూతపడ్డ ఏళ్లవి. మిల్లుల నుంచి రోడ్డున పడ్డవాళ్లూ వచ్చి నాకా మీదే నిలబడేవారు. పది చేతులకు పని ఉంటే వంద చేతులు లేచేవి. వానాకాలం వస్తే ఆ పదీ ఉండేవి కావు. అలాంటి ఒక వానాకాలంలో మామకు స్టీలు గిన్నెల పాలిష్ గాలాలో పని దొరికింది. గాలా అంటే మాకు రెండు గల్లీల అవతల, పాత గోదాములో ఒక పొడుగాటి గది. వాన లేదు, ఎండ లేదు, మేస్త్రీ ఏరుకునేదాకా మెడ చాచి నిలబడే పని లేదు. ఆ రోజు అమ్మ సేమియా పాయసం చేసింది.

మొదటి సాయంత్రం మామ తిరిగొచ్చినప్పుడు మేం గుర్తుపట్టలేదు. నెత్తి నుంచి కాళ్లదాకా నల్లగా ఉన్నాడు. కళ్లూ పళ్లూ మాత్రమే మనిషివి. చాల్ పిల్లలందరూ చుట్టూ చేరి నవ్వారు, నేనూ నవ్వాను. మామ కూడా నవ్వి, ఉమ్మాడు. ఉమ్మి సిరాలా పడింది. అమ్మ గబగబా నీళ్ల బాల్టీ తెచ్చి, డబ్బాలోంచి బెల్లం ముక్క తీసింది.

"వద్దక్కా, తిన్న. సేటు పెట్టిండు," అన్నాడు మామ. "పని అయినంక రోజూ అందరికి పెడ్తడట."

"మంచి సేటు తమ్మీ. ఎవడు పెడ్తడు గీ కాలంల?" అంది అమ్మ.

అంతే. మా ఇంట్లో ఆ గాలా గురించి జరిగిన విచారణ అంతటితో ముగిసింది.

సెలవుల్లో మధ్యాహ్నం మామకు డబ్బా నేనే తీసుకెళ్లేదాన్ని. పట్టపగలే షట్టర్ సగం దించి ఉండేది. దుమ్ము బయటికి వస్తోందని ఎదురింటివాళ్లు గొడవ చేశారట, అందుకని దుమ్మును లోపలే ఉంచారు. లోపల మోటార్లకు బిగించిన గుడ్డ చక్రాలు, వాటికి జిగురుతో అంటించిన రాతిపొడి. ఒక్కో చక్రం ముందు ఒక్కో మనిషి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని. మసక గిన్నెను రెండు చేతులతో పట్టి, ఛాతీ ఆనించి, చక్రానికేసి అదిమేవారు. ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమనేవి. గిన్నె తిరుగుతూ తిరుగుతూ తెల్లబడేది, మనిషి నల్లబడేవాడు. వెనక గోడకు దేవుడి పటం, దాని కింద చెక్క మీద బెల్లం డబ్బా. ఆ గదిలో మూత గట్టిగా పెట్టి, దుమ్ము పడకుండా జాగ్రత్తగా ఉంచినది ఆ డబ్బా ఒక్కటే.

మామది మొదట గడప దగ్గరి చక్రం. దీపావళి దాటాక లోపలి చక్రానికి మారాడు. లోపలి చక్రం మీద పెద్ద గిన్నెలు చేస్తారు, కూలి కాస్త ఎక్కువ. అక్కడ అంతకు ముందు కూర్చున్న ఉత్తరాది భయ్యా ఏడని నేనడిగాను.

"గావ్ పోయిండు," అన్నాడు మామ.

"మళ్లెప్పుడొస్తడు?"

"రాడేమో. ఆయనకు ముందున్నాయన గూడ గావే పోయిండట. ఆ చక్రం కాడ కూసున్నోళ్లకు ఊరి మీద బెంగ వడ్తదేమో కోడలు పిల్లా."

తమాషాకే అన్నాడు. డబ్బా విప్పి రొట్టె తినడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఆ చక్రాన్ని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు అది ఆగి ఉంది. దాని ముందున్న చెక్కపీట మధ్యలో గుంట పడేలా అరిగిపోయి ఉంది. ఎంతమంది కూర్చుంటే పీట అలా అరుగుతుందో అనుకున్నాను. ఎందుకో భయమేసి, డబ్బా ఖాళీ కాకముందే ఇంటికొచ్చేశాను.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. చాల్‌లో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. మామ దగ్గు పొడిదగ్గు, చెక్కను రంపంతో కోసినట్టుండేది. కొన్నాళ్లకు అది గడియారమైపోయింది. మామ దగ్గితే తెల్లారినట్టే, నల్లా నీళ్లకు లేవాలని పక్క ఖోలీవాళ్లు నవ్వేవారు. అమ్మ బెల్లం ఎక్కువ చేసింది. పొద్దున ఒక ముక్క, పడుకోబోయే ముందు ఒక ముక్క. బీడీల కూలిలోంచి మిగిల్చి నల్లబెల్లం తెప్పించేది, అది ఇంకా బాగా పనిచేస్తుందని.

ఎండలు ముదిరేసరికి మామ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నాయిన పట్టుబట్టి మునిసిపాలిటీ దవాఖానాకు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మందు సంగతి తరవాత, ముందు ఆ దుమ్ము పని మానెయ్యమన్నాడట. మానేస్తే మనిషి నిలబడతాడని, ఆలస్యం చేస్తే తన చేతిలో ఏమీ ఉండదని కూడా అన్నాడట. నాయిన మాటలు తక్కువ మనిషి. దవాఖానా నుంచి వస్తూనే అన్నం కూడా తినకుండా వర్లి వెళ్లాడు. అక్కడ తాను పనిచేస్తున్న బిల్డింగు సూపర్వైజరు కాళ్లా వేళ్లా పడి, మామకు వాచ్‌మన్ పని ఒప్పించుకుని వచ్చాడు. వానలు పడేలోగా చేరాలి. కూర్చునే పని, పక్కనే సముద్రం గాలి.

"ఇగ గట్టెక్కినం," అన్నాడు నాయిన. మామ తల ఊపాడు. అమ్మ పోచమ్మకు దండం పెట్టుకుంది. ఆ దండం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది, ఎందుకంటే ఆ తరవాత జరిగిందంతా ఆ పోచమ్మ పేరుతోనే జరిగింది.

మా చాల్‌కు అందరిదీ అయిన సామాను ఉండేది. తాతల నాటి ఇత్తడి గుండిగలు, గరిటెలు, మెట్ల కింది గదిలో. పెళ్లయినా, దినమైనా, బోనాలైనా వాటిలోనే వండేవారు. కంచాలు మాత్రం లేవు. విస్తరాకులేసేవారు, లేదా డెకరేటరు దగ్గర కిరాయికి తెచ్చేవారు. ఆ ఏడు బోనాలకు మనకంటూ స్టీలు కంచాలుండాలని ఆడవాళ్లు తీర్మానించారు. వెనక మూడు చుక్కలు కొట్టించాలని, అప్పుడు చదువు రానివాళ్లు కూడా ఇవి మనవని గుర్తుపడతారని పెద్దమ్మలు చెప్పారు. బేరం ఎవరు చెయ్యాలన్న ప్రశ్నే రాలేదు. తమ్ముడు స్టీలు గాలాలోనే పనిచేస్తుంటే, బేరానికి అక్క ఉండగా, ఇంకెవరు పోతారు?

అమ్మ తనతో నన్నూ తీసుకెళ్లింది, హిందీ నాకు బాగా వచ్చని. గాలా ముందుభాగంలోనే సేటు గద్దె. కంచం తీశాడు. అమ్మ తిరగేసింది, అంచు మీద వేలితో రాసింది, పెదవి విరిచింది. తన ధర చెప్పింది. సేటు నవ్వాడు. అమ్మ కంచం గద్దె మీద పెట్టి షట్టర్ కిందినుంచి వంగి బయటికి నడిచింది. నేనూ వెంట నడిచాను.

"బహెన్," అని వెనకనుంచి పిలుపు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే.

సేటు చెడ్డవాడు కాదు. అది చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, హిందీలో నెమ్మదిగా వివరించాడు. "రేకు ధర నా చేతిలో లేదు, అది ఫ్యాక్టరీవాడిది. కరెంటు బిల్లు నా చేతిలో లేదు. గోదాము కిరాయి నా చేతిలో లేదు. మీరడిగిన ధరకు ఇవ్వాలంటే తగ్గించడానికి నా దగ్గర ఒక్కటే ఉంది." ఆ ఒక్కటేమిటో చెప్పలేదు. తల తిప్పి లోపలికి చూశాడు. లోపల చక్రాలు తిరుగుతున్నాయి. చివరి చక్రం దగ్గర మామ గిన్నె ఎత్తి పట్టుకుని మావైపే చూస్తున్నాడు.

పిలిపించాడు. మామ వచ్చి తువ్వాలు దించుకుని నిలబడ్డాడు. పాలిష్ కూలి తీసుకోకుండా ఐతారం ఐతారం, సెలవు నాడు వచ్చి కంచాలు తానే చేస్తే, అక్క అడిగిన ధరకే ఇస్తానని సేటు చెప్పాడు. కాకపోతే అవన్నీ పూర్తయ్యేదాకా పని మానకూడదు.

అమ్మ తమ్ముడి ముఖం చూసింది. ఆ క్షణంలో ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. మా గల్లీలో ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారని మాత్రం నాకు తెలుసు. అమ్మ ఎప్పుడూ ఉత్త చేతులతో తిరిగి రాలేదనీ తెలుసు.

"అయితదా తమ్మీ?"

"అమ్మోరి పనక్కా. అయితది. కొన్ని దినాలే గద," అన్నాడు మామ. అని దగ్గాడు. దగ్గు ఆగేదాకా సేటు మర్యాదగా పక్కకు చూశాడు.

ఆ సాయంత్రం మా ఖోలీలో నాయిన గొంతు లేవడం మొదటిసారి విన్నాను. "అమ్మోరు స్టీలు కంచం అడిగిందా మిమ్ముల? ఇన్నేండ్ల సంది ఆకుల తింటలేమా?" అన్నాడు. చాల్ ఆడవాళ్లు గుమ్మం దగ్గర చేరి ఆయన నోరు మూయించారు. వయసు పిల్లగాడు, నాలుగు ఐతారాలు కూసుంటే అరిగిపోతడా అన్నారు. అమ్మోరి పనికి అడ్డం మాట్లాడకన్నా అన్నారు. వాళ్లలో ఏ ఒక్కరికీ మామంటే ప్రేమ లేక కాదు. ఆయన బీడీ ఆకుల మూటలు అందరికీ పైకి మోసిపెట్టినవాడే. కానీ ఆ ధర విన్నాక వాళ్లకు ఇంకేదీ వినబడలేదు. నాకింత వయసొచ్చాక కూడా ఆ చెవుడు ఎలా వస్తుందో అర్థం కాదు. బజారులో నాకూ వస్తుంది, అందుకే చెబుతున్నాను. ఏదైనా మరీ చవగ్గా దొరికితే ముందు సంతోషం వస్తుంది. ఆ వెనకే ఎవరో తువ్వాలు దించుకుని నిలబడినట్టనిపిస్తుంది.

వానలు ముందే వచ్చాయి. వర్లి బిల్డింగువాళ్లు ఎన్నాళ్లని చూస్తారు? ఇంకెవరికో ఆ పని ఇచ్చేశారు. నాయిన ఆ సంగతి మామకు చెప్పి, ఇక ఆ విషయం ఎత్తలేదు.

కంచాలు వచ్చిన రోజు చాల్ అంతా పండగే. హాండ్‌కార్టు మీంచి దించుతుంటే గోడల మీద వెలుతురు మరకలు పరిగెత్తాయి. ఆడవాళ్లు ఒక్కో కంచం ఎత్తి ముఖం చూసుకున్నారు, బొట్టు సరిచేసుకున్నారు. ఎదురు ఖోలీ పెద్దమ్మ అమ్మ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. అమ్మ నవ్వింది. మామ మెట్ల మీద కూర్చుని అది చూస్తున్నాడు. అప్పటికే చొక్కా ఆయన ఒంటి మీద తగిలించినట్టుండేది.

బోనాల నాడు ఎప్పుడూ ముందు నడిచి డప్పుకు ఆడేవాడు మామ. ఆ ఏడు గోడకానుకుని నిలబడ్డాడు. భోజనాల దగ్గర నేనే వడ్డించాను. ఆయన అన్నం పెట్టనివ్వకుండా కంచం తిరగేసి, మూడు చుక్కలు చూసి, మళ్లీ ఇటు తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"గీత ఉన్నదా చూడు కోడలు పిల్లా."

"ఏం లేదు మామా."

"లేదు గద," అన్నాడు. ముఖం విప్పారింది. ఆ గర్వం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆ రోజు అన్నం రెండు ముద్దలకన్నా తినలేకపోయాడు. తింటూ ఊపిరి తీసుకోవడం కష్టమైంది.

మా కంచాల ధర గల్లీలన్నీ తిరిగింది. పక్క చాల్‌వాళ్లు గాలాకు వచ్చారు, మాకూ అదే ధరకు ఇమ్మన్నారు. తరవాత ఇంకో చాల్‌వాళ్లు. దేవి పేరు చెప్పినవాళ్లు కొందరు, పెళ్లి పేరు చెప్పినవాళ్లు కొందరు. సేటు ఒకసారి నేర్చుకున్నది మరచిపోయే మనిషి కాదు. పాలిష్ రేటు అందరికీ తగ్గించాడు. వీడు తనవాళ్లకు ఆ ధరకు చెయ్యలేదా అని మామనే ఎత్తిచూపాడట. గాలాలో మిగతావాళ్లు మామతో మాట్లాడడం మానేశారు. డబ్బా తీసుకెళ్లినప్పుడు చూసేదాన్ని. అందరూ ఒక మూల కూర్చుని తినేవారు, మామ తన చక్రం దగ్గరే. సాయంత్రం బెల్లం మాత్రం ఎవరికీ తగ్గలేదు. కొంచెం పెద్ద ముక్కే పెడుతున్నాడని మామ చెప్పాడు.

దసరా వెళ్లాక ఒక పొద్దున మామ పీట మీంచి లేవలేకపోయాడు. మళ్లీ దవాఖానా. ఈసారి అమ్మ కూడా వెళ్లింది, నన్నూ తీసుకెళ్లింది. డాక్టరు ఎక్స్‌రే ఫోటోను కిటికీకేసి పట్టి చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగాడు. అమ్మ ధైర్యంగానే చెప్పింది, ఒక్కరోజు తప్పకుండా బెల్లం పెట్టామని, పని దగ్గర సేటు కూడా పెట్టేవాడని. నేను హిందీలోకి మార్చి చెప్పాను.

డాక్టరుకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. "బెల్లం కడుపులోకి పోతుందమ్మా," అన్నాడు. "దుమ్ము ఊపిరిలోకి పోతుంది. రెండిటికీ దారి వేరు."

అది నేను తెలుగులో అమ్మకు చెప్పాలి. చెప్పాను. అమ్మ నా వైపు చూసింది, సరిగ్గా చెప్పావా అన్నట్టు. మళ్లీ చెప్పాను. ఆమె చీరకొంగులో అప్పుడు కూడా ఒక బెల్లం ముక్క మూటగట్టి ఉంది, దవాఖానాలో ఆలస్యమైతే తమ్ముడికి పెడదామని తెచ్చింది.

మామ ఊరికి పోతానన్నాడు. చంటిపిల్లను చూడాలని ఉందన్నాడు. మహబూబ్‌నగర్ బస్సు మా గల్లీ చివరినుంచే బయల్దేరేది. అమ్మ బట్టల మూట కట్టింది. అలవాటు కొద్దీ బెల్లం డబ్బా తెచ్చి మూటలో పెట్టింది. పెట్టి, కాసేపు దాన్నే చూసి, మళ్లీ బయటికి తీసింది. బస్సు కదిలేటప్పుడు మామ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. చిగుళ్లు కనబడేలా నవ్వాడు. నాకు ఆ క్షణాన అరిగిన పీట గుర్తొచ్చింది. ఈసారి గావ్ పోయింది మామ.

చలికాలంలో కబురొచ్చింది, అదే బస్సు డ్రైవరు చెప్పాడు. అమ్మ ఏడుస్తూ కూలబడింది. ఊళ్లో దినం రోజున ఇక్కడ చాల్‌లోనూ భోజనాలు పెట్టారు. ఎవరో మెట్ల కింది గది తెరిచి కంచాలు తీయబోతే, అమ్మ లేచి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది. నాయిన దాదర్ దాకా వెళ్లి విస్తరాకులు తెచ్చాడు. చాల్ అంతా ఆకుల్లోనే తిన్నది. ఎదురు ఖోలీ పెద్దమ్మ తినకుండా వెళ్లిపోయి, తన ఖోలీ తలుపేసుకుని ఏడ్చింది.

ఆ తరవాత అమ్మ బేరమాడడం మానేసింది. అదేదో గొప్ప వ్రతంలా కాదు, నోరు పెగలక. చెప్పిన ధర ఇవ్వగలిగితే ఇచ్చేది, లేకపోతే కొనకుండా వచ్చేది. ఇంట్లో కూర లేని రోజులు పెరిగాయి. నేను విసుక్కునేదాన్ని, నాయిన మాత్రం కారం మెతుకులు తిని లేచేవాడు.

మళ్లీ ఆషాఢం దగ్గర పడుతుండగా, వెనక గల్లీ చాల్ నుంచి ఒకావిడ వచ్చింది. తమ చాల్‌కూ కంచాలు కావాలట, అమ్మ వస్తే ధర బాగా తెగుతుందట. మామ సంగతి ఆమెకు తెలియదు. ఆమె కొత్తగా వచ్చిన మనిషి.

"నేను రాను చెల్లె," అంది అమ్మ, బీడీ చుడుతూనే. "మీరు గూడ కొనకుండ్రి. ఆకుల తినుండ్రి."

ఆవిడ వింతగా చూసి వెళ్లిపోయింది. మర్నాటి సాయంత్రం మెరుస్తున్న కంచం ఒకటి చేతిలో పట్టుకుని మా గడప ముందే ఆగింది. చూపించుకోవాలి కదా. "మీకిచ్చిన దానికన్న గూడ తక్కువకే ఇచ్చిండు అక్కా," అంది. "మన దిక్కు పిల్లగాడే ఉన్నడు లోపట. మస్తు మంచోడు. మంచినీళ్లడిగితే బెల్లం ముక్క గూడ పెట్టిండు."

అమ్మ చాట కింద పెట్టి లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆమె మెట్లు దిగుతుంటే నేను వెంట పరిగెత్తాను.

గాలాలో పని ముగిసే వేళ. షట్టర్ సగం దించే ఉంది. అమ్మ వంగి లోపలికి వెళ్లింది. సేటు గద్దె మీద లేడు. అమ్మ ఎవరినీ అడగలేదు, నేరుగా చివరి చక్రం దగ్గరికి నడిచింది. అక్కడ ఒక కొత్త మనిషి అప్పుడే మోటారు ఆపి తువ్వాలు విప్పుకుంటున్నాడు. నల్లటి ముఖం, తెల్లటి కళ్లు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏ ఊరు నాయినా నీది?"

చెప్పాడు. మా వైపే.

"గీ పని ఇడిసిపెట్టు బిడ్డా. నాకా మీద నిలవడు, అడుక్కతిను, ఏమన్న చెయ్యి. గీడ కూసోకు. నా తమ్ముడు గీ పీట మీదనే కూసున్నడు."

ఆయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు. పాపం ఎవరో పిచ్చితల్లి అనుకున్నట్టున్నాడు. అమ్మ చేతిని మెల్లగా విడిపించి, చాలా మర్యాదగా చెక్క మీది డబ్బా అందుకుని మూత తీశాడు. ఒక ముక్క అమ్మ చేతిలో పెట్టి, ఇంకోటి తన నోట్లో వేసుకున్నాడు.

"నాకేం కాదక్కా," అని నవ్వాడు. "సేటు రోజూ బెల్లం పెడ్తడు."

అమ్మ ఆ ముక్కను పట్టుకునే బయటికి వచ్చింది. గల్లీ మలుపు తిరిగేలోగా వెనక నుంచి దగ్గు వినిపించింది, పొడిగా, ఒక్కసారే. అమ్మ ఆగింది. ఆ దగ్గు ఎవరిదో చూద్దామని నేను వెనక్కి తిరిగేసరికి షట్టర్ పూర్తిగా దించేశారు.